ఎడారిలో బండ నీడ

అరణ్యం అనే మాట వినగానే మనకు చెట్లు గుర్తుకొస్తాయి. నల్లమల, పాపికొండలు, టేకు చెట్లు, వెదురు పొదలు, వాటి మధ్య గలగల పారే వాగు. బైబిలు చదివేటప్పుడూ మన మనసులో మెదిలేది అదే దృశ్యం. ఇశ్రాయేలీయులు 40 ఏళ్లు అరణ్యంలో సంచరించారంటే ఏ చెట్ల నీడనో గుడారాలు వేసుకున్నారని అనుకుంటాం. యేసుక్రీస్తు 40 దినాలు అరణ్యంలో ఉపవాసం ఉన్నాడంటే పచ్చని అడవిలో మోకరించి ఉన్నట్టు ఊహించుకుంటాం. జనావాసం లేని చోటు అనే అర్థంలో మన తెలుగు బైబిలు ఆ మాటను వాడింది. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ అరణ్యంలో చెట్టు అరుదు. అక్కడ ఉన్నది ఇసుక, ఆకాశం, బండలు.

ఆ బండల సంగతి తెలియకపోతే బైబిలులోని ఒక గొప్ప మాట మనకు సగమే అర్థమవుతుంది. దేవుణ్ని 'బండ' అని పిలిచిన మాట అది. మోషే తన చివరి గీతంలో అలా పిలిచాడు. బిడ్డను పొందిన హన్నా తన ప్రార్థనలో అలాగే పిలిచింది. దావీదు పదేపదే పిలిచాడు. మూలభాషలో బండ అని ఉన్న చోట మన అనువాదం కొన్నిసార్లు శైలమనీ, కొన్నిసార్లు ఆశ్రయదుర్గమనీ చెప్పింది. మనకేమో బండ అనగానే మొద్దుతనం తోస్తుంది. మాట వినని పిల్లవాణ్ని బండవాడంటాం. జాలి లేని మనిషిది రాతిగుండె అంటాం. మరి దేవుణ్ని పిలుచుకోవడానికి ఆ ప్రజలకు బండే ఎందుకు దొరికింది? జవాబు వారు నడిచిన దారిలోనే నిలబడి ఉంది. ఇప్పటికీ వెళ్లి చూడవచ్చు.

ఎర్రని దేశం

మృత సముద్రానికి దక్షిణాన, అకాబా సింధుశాఖ వరకు సాగే కొండసీమను బైబిలు ఎదోము అంటుంది. ఆ మాటకు ఎరుపు అని అర్థం. ఎర్రగా పుట్టిన ఏశావుకు, అతడు జ్యేష్ఠత్వాన్ని ఇచ్చి కొనుక్కున్న ఎర్రని కూరకు ఆ పేరుతో సంబంధం ఉందని ఆదికాండం చెబుతుంది. నేల కూడా పేరుకు తగ్గట్టే ఉంటుంది. నేడు ఈ సీమలో ఎక్కువ భాగం జోర్డాన్ దేశంలో ఉంది. దాని దక్షిణపు కొసన, అకాబా రేవు నుంచి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో వాదీ రమ్ అనే ఎడారి లోయ ఉంది. 740 చదరపు కిలోమీటర్ల ఈ రక్షిత ప్రాంతాన్ని యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అక్కడి కొండలు మన కొండల్లా మెల్లగా ఏటవాలుగా పైకి లేవవు. బల్లపరుపు ఇసుక నేల మీద నుంచి గోడ కట్టినట్టు నిటారుగా లేస్తాయి. జబల్ రమ్ అనే కొండ ఎత్తు సముద్ర మట్టానికి 1,700 మీటర్లు దాటుతుంది. దాని పాదం దగ్గర నిలబడిన మనిషి గడపలో పాకే చీమలా ఉంటాడు. కొన్ని శిఖరాలు గుండ్రని గోపురాల్లా ఉంటాయి. కొన్ని కొండల ముఖాలు కరిగి కారి గట్టిపడిన కొవ్వొత్తిలా ఉంటాయి. ఇంకొన్ని రాళ్లలో తేనెపట్టులా వేల గుంటలు. రెండు బండలను కలుపుతూ ఆకాశంలో వంతెన వేసినట్టు నిలిచిన రాతి వంపులు కూడా ఉన్నాయి. వాటిలో బుర్దా వంతెన పేరుపొందినది.

రంగుల సంగతి మరీ విచిత్రం. తెల్లవారుజామున బూడిద రంగులో ఉన్న కొండ, ఎండ తగలగానే గులాబి రంగుకు తిరుగుతుంది. మధ్యాహ్నం వెలవెలబోతుంది. పొద్దు వాలేసరికి కుమ్మరి ఆవంలోంచి అప్పుడే తీసిన కుండలా ఎర్రగా మండుతుంది. ఇసుక రేణువులకు పట్టిన ఇనుము ఆ ఎరుపుకు, పసుపుకు కారణం. మాంగనీసు ఉన్న చోట ఊదా, నలుపు చారలు కనిపిస్తాయి. గాలి ఆగితే అక్కడ మన గుండె చప్పుడు మనకే వినిపించేంత నిశ్శబ్దం.

యాత్రికుడు అక్కడ మొదట చేసే పని మాట్లాడటం మానేయడం. తాను చిన్నవాణ్నని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఆ చిన్నతనం అవమానంలా ఉండదు, విశ్రాంతిలా ఉంటుంది.

ఇసుక బండ అయింది, బండ ఇసుక అవుతోంది

ఈ కొండల అడుగున ఉన్నది నల్లరాయి, అంటే గ్రానైటు. దాని మీద సుమారు 50 కోట్ల సంవత్సరాల కిందట నదులు ఇసుకను మోసుకొచ్చి పరిచాయి. పొర మీద పొర పడింది. పై పొరల బరువుకు కింది ఇసుక నలిగి, ఖనిజాలతో అతుక్కుని రాయి అయింది. ఎర్రసముద్రం, మృత సముద్రం ఏర్పడిన భూమి కదలికల వల్ల ఆ రాయి పైకి లేచింది, నిలువునా చీలింది. ఆ పగుళ్లలోకి వాన నీరు దిగింది. వరదలు కోశాయి. ఉప్పు స్ఫటికాలు రాతిని లోపలి నుంచి పిండి చేశాయి. గాలి ఆ పిండిని ఊడ్చుకుపోయింది. ఇప్పుడు మనం అందం అంటున్నది ఇంత కోత తరువాత మిగిలినది.

ఇందులో ఒక ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది. ఇంత మెత్తని ఇసుకరాయి అంత సన్నని స్తంభాలుగా, వంపులుగా ఎలా నిలుస్తుంది? ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం 2014లో దీనికి ఒక సమాధానం ప్రచురించింది. వారు ఇసుకరాతి దిమ్మెల మీద బరువు పెట్టి, వాటిని నీటితో కోతకు గురి చేసి చూశారు. బరువు పడని చోట రేణువులు జారిపోయాయి. బరువు పడిన చోట రేణువులు ఒకదాన్నొకటి బిగించి పట్టుకుని కోతను తట్టుకున్నాయి. అలా మిగిలిన భాగమే స్తంభమైంది, వంపు అయింది. ఎంత కోత పడితే మిగిలిన భాగం మీద అంత బరువు పెరుగుతుంది, పట్టు కూడా అంత బిగుస్తుంది.

ఈ సంగతి మన ఇళ్లలోనూ చూస్తున్నాం. భర్త పోయాక ముగ్గురు పిల్లలను చదివించిన తల్లి, మంచం పట్టిన అత్తను పదేళ్లు చూసుకున్న కోడలు, అప్పుల్లో మునిగినా అన్నదమ్ములను విడదీయని పెద్దకొడుకు ఇలాంటి స్తంభాలే. అయితే బరువు ఎప్పుడూ మేలే చేస్తుందని చెప్పడానికి ఇది తేలిక మాట కాదు. రేణువు ఒంటరిగా బరువు మోయలేదు. పక్కనున్న రేణువులు పట్టుకుంటేనే మోస్తుంది. ఒంటరి రేణువు ఇసుక. ఒకదాన్నొకటి పట్టుకున్న రేణువులు బండ. బరువు మోస్తున్నవారిని 'మీరు గట్టివారు' అని పొగిడి పక్కకు తప్పుకోవడం సులభం. పక్కన నిలబడటమే సంఘం చేయవలసిన పని.

నీడ అంటే ప్రాణం

ఎడారిలో వేసవి ఎండకు చెట్టు లేదు, చెరువు లేదు. ఉన్న దిక్కు బండ నీడే. ఉదయం కొండకు పడమటి వైపు నీడ పడుతుంది. మధ్యాహ్నం దాటాక అది తూర్పుకు మారుతుంది. అక్కడి బెదూయిన్ కాపరులకు ఈ నీడల లెక్క తెలుసు. మేక వెంట్రుకలతో నేసిన నల్లని గుడారాలు వారివి. పెట్రా, వాదీ రమ్ ప్రాంతాల బెదూయిన్ల జీవన సంస్కృతిని యునెస్కో 2008లో మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

ఈ మాట మనవారిలో కొందరికి విడమరచి చెప్పనక్కరలేదు. ఉత్తర తెలంగాణ నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారిలో ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసేవారు ఉన్నారు. చేయి చాచినంత నీడ విలువ ఎంతో వారికి తెలుసు. డెల్టాలో కాలువ గట్టున కూర్చుని చదివే మనకంటే బైబిలులోని బండ వారికే ముందు అర్థమవుతుంది.

బండ సందులు బలహీనులకు ఇల్లు కూడా. సామెతల గ్రంథం 30వ అధ్యాయం బలం లేకపోయినా తెలివిగా బతికే చిన్న జీవులను నాలుగింటిని చెబుతుంది. వాటిలో బండల సందుల్లో కాపురముండే జంతువు ఒకటి. మన తెలుగు బైబిలు దాన్ని కుందేలు అంది. నిజానికి అది హైరాక్స్ అనే జంతువు. కుందేలంత ఉంటుంది, చెవులు చిన్నవి, తోక కనిపించదు. శాస్త్రం ప్రకారం దీనికి దగ్గరి చుట్టం ఏనుగు! వాదీ రమ్ కొండల్లో ఇప్పటికీ ఉంది. గద్ద నీడ పడగానే రాతి సందులోకి దూరిపోతుంది. దానికి కొమ్ములు లేవు. దాని ధైర్యమంతా ఆ బండే. సౌలు తరుముతుంటే దావీదు కూడా ఇలాగే ఏన్గెదీ కొండల గుహల్లో దాక్కున్నాడు. పాటల్లో ఆయన బండ అన్నది అలంకారం కోసం కాదు, అనుభవంతో.

బండ నీళ్లిచ్చింది

మోషే బండను కొట్టగా నీళ్లు వచ్చాయని నిర్గమకాండం 17, సంఖ్యాకాండం 20 అధ్యాయాల్లో చదువుతాం. మనం దాన్ని అద్భుతంగానే నమ్ముతున్నాం. అయితే ఆ కొండల స్వభావం తెలిస్తే ఆ అద్భుతం ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. ఇసుకరాయి స్పంజిలాంటిది. ఎప్పుడో కురిసిన వానను మెల్లగా పీల్చుకుంటుంది. ఆ నీరు దిగి దిగి అడుగున ఉన్న నల్లరాతిని తాకుతుంది. అక్కడ దారి లేక పక్కకు తిరిగి, కొండ పక్కన ఊటగా బయటపడుతుంది. వాదీ రమ్‌లో ఇలాంటి ఊటలు ఉన్నాయి. ఎండిన గోడలాంటి కొండ మీద ఒక్కచోట పుదీనా, అత్తిచెట్టు పచ్చగా కనిపిస్తే అక్కడ ఊట ఉన్నట్టే.

ఆ సీమ బండల్లో దాగిన నీరు ఇప్పుడు ఒక రాజధాని దాహం తీరుస్తోంది. వాదీ రమ్ దగ్గర దిసీ అనే చోట భూగర్భ ఇసుకరాతిలో వేల ఏళ్ల కిందటి నీరు నిల్వ ఉంది. 2013 నుంచి 325 కిలోమీటర్ల గొట్టం ద్వారా ఏటా సుమారు 10 కోట్ల ఘనపు మీటర్ల నీటిని అమ్మాన్ నగరానికి తరలిస్తున్నారు. ఆ నీరు వానలు సమృద్ధిగా కురిసిన పాతకాలంలో దిగినది. తోడినంత వేగంగా తిరిగి నిండదు. బండ ఇచ్చింది కదా అని దుబారా చేసే వీలు లేదు. మోషే కోపంతో రెండుసార్లు బండను కొట్టాడు, నీళ్లు వచ్చాయి, కానీ ఆయన వాగ్దాన దేశంలో అడుగుపెట్టలేదు. పొందే తీరు కూడా లెక్కలోకి వస్తుంది.

బండ మీద చెక్కిన మాట

వాదీ రమ్ కొండల మీద దాదాపు 25,000 రాతి బొమ్మలు, 20,000 శాసనాలు ఉన్నట్టు యునెస్కో నమోదు చేసింది. అక్కడ మనుషుల ఉనికి 12,000 ఏళ్ల నాటిది. మన గుడి గోడల మీద రాజుల దానశాసనాలు చూస్తుంటాం. ఇక్కడ ఎక్కువగా కనిపించేది సామాన్యుల చేతిరాతే. ఎవరో కాపరి రాతి నల్లపొరను గీకి తన ఒంటె బొమ్మ, తన పేరు రాసుకున్నాడు. ఎవరూ చూడని చోట 'నేను ఉన్నాను' అని చెప్పుకున్నాడు.

యోబు కూడా ఇదే కోరుకున్నాడు. 19వ అధ్యాయంలో ఆయన తన మాటలు ఇనుప పోగరతో బండ మీద శాశ్వతంగా చెక్కబడాలని ఆశిస్తాడు. ఆయన ఊరు ఊజు దేశం. ఆ దేశాన్ని ఎదోముతో కలిపి విలాపవాక్యాల 4వ అధ్యాయం చెబుతుంది. బిడ్డలను, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న మనిషికి స్నేహితులు చెవి ఇవ్వనప్పుడు బండ గుర్తుకొచ్చింది. ఆ కోరిక చెప్పిన వెంటనే ఆయన నోట తన విమోచకుడు సజీవుడనే నమ్మకం వెలువడింది. రాతి మీద చెక్కకపోయినా ఆ మాట మన దాకా వచ్చింది.

బండనే నమ్ముకుంటే

వాదీ రమ్‌కు ఉత్తరాన అదే ఇసుకరాతిలో పెట్రా నగరం ఉంది. జెరూసలేం యాత్రకు జోర్డాన్ మీదుగా వెళ్లే మన తెలుగువారిలో కొందరు నెబో కొండతో పాటు దీన్ని కూడా చూసి వస్తారు. పెట్రా అంటే గ్రీకులో బండ. సీమోనుకు ప్రభువు పెట్టిన పేతురు అనే పేరు కూడా ఆ మాట నుంచే వచ్చింది. నబాతీయులు అనే అరబ్బు వర్తకులు కొండలను తొలిచి ఆలయాలు, సమాధులు, ఇళ్లు చెక్కారు. లోపలికి దారి సిక్ అనే సన్నని చీలిక. 1.2 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 3 మీటర్ల వెడల్పు. తలెత్తితే ఆకాశం నీలి రిబ్బనులా కనిపిస్తుంది. దాని చివర ఖజానా అనే 40 మీటర్ల ఎత్తయిన రాతి ముఖం ఒక్కసారిగా కళ్ల ముందు నిలుస్తుంది.

1963 ఏప్రిల్‌లో ఈ సిక్‌లోనే ఘోరం జరిగింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన యాత్రికుల బృందం అందులో నడుస్తుండగా వరద విరుచుకుపడింది. 20 మందికి పైగా చనిపోయారు. వారిలో బైబిలు పండితుడు ఝాన్ స్టైన్‌మాన్ ఉన్నారు. బాప్తిస్మమిచ్చు యోహాను గురించి, ఎడారి ఆధ్యాత్మికత గురించి పుస్తకం రాసిన గురువు ఆయన. ఎడారిని ప్రేమించిన మనిషిని ఎడారి వరదే తీసుకుపోయింది. దానికి అర్థం చెప్పే ప్రయత్నం చేయకుండా తల వంచడమే మర్యాద.

అయితే తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. నబాతీయులకు ఈ ప్రమాదం ముందే తెలుసు. సిక్ ముఖద్వారం దగ్గర ఆనకట్ట కట్టి, కొండను తొలిచి సొరంగం చేసి వరదను పక్కకు మళ్లించారు. శతాబ్దాల నిర్లక్ష్యంతో అది పూడిపోయింది. దుర్ఘటన తరువాత, 1964లో పాత పద్ధతిలోనే ఆనకట్టను మళ్లీ కట్టారు. 2018 నవంబరులో భారీ వరద వచ్చినప్పుడు పెట్రా నుంచి వేలాది సందర్శకులను ఖాళీ చేయించారు.

ఇప్పుడు కొండమీది ప్రసంగం చివరి ఉపమానాన్ని మళ్లీ తలచుకుందాం. ఇసుక మీద ఇల్లు కట్టుకున్నవాడు అంత తెలివితక్కువవాడా అని మనకు అనిపిస్తుంది. కానీ ఎడారి వాగు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉంటుంది. నేల చదునుగా, మెత్తగా, కట్టుకోవడానికి అనువుగా ఉంటుంది. ఎక్కడో దూరపు కొండ మీద వాన పడితే, రాతి మీద ఇంకే వీలు లేక నీరంతా గోడలా దొర్లి వస్తుంది. ప్రభువు మాట విన్నవారికి ఆ వాగులు తెలుసు. ఆ ఇల్లు కట్టినవాడు ఎండాకాలాన్ని చూసి మొత్తం జీవితాన్ని అంచనా వేసినవాడు. మనలోనూ అలా కట్టేవారు తక్కువేమీ కాదు.

పాత నిబంధనలో అతి చిన్న గ్రంథం ఓబద్యా. ఒకే అధ్యాయం, 21 వచనాలు. బండ సందుల్లో ఎత్తున కాపురముంటూ తమనెవరూ కిందికి దించలేరని గర్వించిన ఎదోమీయులకు అది హెచ్చరిక. వారి నేరం ఏమిటి? సోదర జనమైన యూదా ఆపదలో ఉన్న రోజున దూరంగా నిలబడి చూశారు, పారిపోతున్నవారికి దారి అడ్డుకున్నారు. వారికి దాక్కోవడానికి బండ ఉంది. ఆ బండ నీడలో మరొకరికి చోటివ్వలేదు. ఎదోము రాజ్యం పోయింది. దాని స్థానంలో వచ్చిన నబాతీయుల రాజ్యాన్ని క్రీ.శ. 106లో రోమా కలుపుకుంది. బండలు మాత్రం ఉన్నాయి, అవి కూడా రేణువు రేణువుగా అరుగుతూనే ఉన్నాయి. 2019లో పెట్రాను 10 లక్షల మందికి పైగా దర్శించారు. ఇసుకరాయిని తాకే చేతులు కూడా దాన్ని అరగదీస్తాయి. శాశ్వతంగా కనిపించేది కూడా శాశ్వతం కాదు. కొండలు పుట్టకముందే ఉన్నవాడు మోషే ప్రార్థనలోని దేవుడు. బండ ఆయనకు పోలిక మాత్రమే.

మనమూ నీడ కాగలం

యెషయా 32వ అధ్యాయంలో ఎడారి బండ నీడ ప్రస్తావన ఉంది. అక్కడ బండతో పోల్చింది మనుషులను. నీతి ఏలే కాలంలో మనిషి మనిషికి గాలివానలో చాటులా, అలసిన దేశంలో పెద్ద బండ నీడలా ఉంటాడని ప్రవక్త ఆశ. దేవుణ్ని బండ అని పిలిచేవారు తామూ ఎవరికో ఒకరికి బండ నీడ కావాలన్నమాట.

అందుకు 1,700 మీటర్ల ఎత్తు అక్కరలేదు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఫోను కోసం ఎదురుచూసే పక్కింటి ముసలమ్మ దగ్గర పది నిమిషాలు కూర్చోవడం నీడ. పరీక్ష తప్పి తలదించుకున్న పిల్లవాణ్ని నలుగురి ముందు మాట పడకుండా కాయడం నీడ. అప్పులవాళ్లు ఇంటిముందు నిలబడిన రైతు వెనుక వెళ్లి నిలబడటం నీడ. ఎడారి బండ ఎవరినీ రమ్మని పిలవదు, వచ్చినవారిని కులం, ఊరు అడగదు. ఎండ పడినంతసేపూ తాను కాలుతూ, తన వెనుక చల్లదనం ఉంచుతుంది.